మా ఆవిడ దులిపిన అడవి

మా ఆవిడ చంద్రపూర్ ఆసుపత్రిలో పోయింది. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి మొదట ఆమె పనిచేసే స్కూలుకు ఫోన్ చేశాను. బంధువులకు కాకుండా స్కూలుకే ఎందుకు చేశానంటే, ఆ క్షణంలో నాకు గుర్తున్న నంబరు అదొక్కటే. గుమాస్తా ఎత్తాడు. "బాయి ఇక రారు" అన్నాను. మహారాష్ట్రలో పిల్లలు టీచరమ్మను బాయి అంటారు, పెద్దలూ అలాగే పిలుస్తారు. గుమాస్తా, "సెలవు ఇంకెన్నాళ్లు పొడిగించమంటారు సార్?" అన్నాడు. అతని తప్పేం లేదు. నేనే సరిగ్గా చెప్పలేదు. పోయిందన్న మాట నేను మొదటిసారి నోటితో అన్నది ఆ గుమాస్తాతోనే.

సంతాప సభ పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. లేవలేదు. మాట్లాడినవాళ్లందరూ ఆమెను ప్రకృతి ప్రేమికురాలు అన్నారు. ఆ మాట వింటే ఆమె నవ్వేది. ఆమెకు ప్రకృతి మీద ఉన్నది ప్రేమ కాదు, అనుమానం. ఇదెందుకిలా ఉంది, అదెందుకక్కడ లేదు, నిన్న ఉన్నది ఇవాళ ఏమైంది. మనం ఒక దొంగను గమనించినట్టు ఆమె ఒక పొదను గమనించేది. సభలో చెప్పలేని సంగతులు మన తెలుగు సంఘం పత్రికలో రాస్తున్నాను. మీలో చాలామంది పిల్లలు ఆమె దగ్గర సైన్సు చదువుకున్నారు కనుక మీకు తెలియాలి.

ఆమెది రాజురా అవతల సరిహద్దు ఊరు. తరాలుగా అక్కడే వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు ధారాళంగా మాట్లాడేది గాని చదవడానికి కూడబలుక్కునేది. నాది కరీంనగర్ వైపు. సిమెంటు ఫ్యాక్టరీ లేబొరేటరీలో ఉద్యోగం దొరికి ఇటు వచ్చాను. మన పత్రికలో నేను ఏం రాసినా ఆమెకు చదివి వినిపించాలి. పెద్ద పెద్ద మాటలు వచ్చినచోట ఆపి, "గీ మాటకు బదులు మామూలు మాట లేదా?" అనేది. ఇది వినిపించే పని లేదు.

ఆమెతో బజారుకు వెళ్లడం ఒక శిక్ష. సగం దారిలో ఆగిపోయేది. కాలువ గట్టునో, విరిగిన గోడ పక్కనో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గొంతుకు కూర్చునేది. "ఇగో, మీరు పొండ్రి. నేనొస్త" అనేది. నేను కూరగాయలు కొని తిరిగి వచ్చేసరికి అక్కడే ఉండేది. ఏముంది అక్కడ అని అడిగితే పేరు చెప్పేది కాదు. పిల్లలకూ చెప్పేది కాదు. "పేరు అడుగకుండ్రి. పేరు చెప్తె తెలిసిపోయిందనుకుంటరు. ముందు అది ఏం తింటుందో, దాన్ని ఏం తింటుందో చూడుండ్రి" అనేది. ఎవరైనా పిల్లవాడు చూడకుండానే చెయ్యెత్తి జవాబు చెప్పబోతే, "చూసినంక మాట్లాడు బేటా. చూడకముందే మాట్లాడేటోళ్లు ఆఫీసుల మస్తు మంది ఉన్నరు" అని కూర్చోబెట్టేది.

ఇప్పుడు ఆమె తోట సంగతి.

మా ఫ్యాక్టరీ పేరు రాయను. వర్ధా నదికి ఇవతల ఉన్నవాటిలో అదొకటి అనుకోండి. సున్నపురాయి తవ్వేముందు పైనున్న నల్లమట్టిని తీసి పక్కన గుట్టగా పోస్తారు. మా కాలనీ వెనక అలాంటి గుట్ట ఒకటి ఉండేది. దాని పని అయిపోయింది కాబట్టి ఎవరికీ అక్కర్లేదు. పక్క ఊరి మేకలు మాత్రం మేసేవి. మా ఆవిడ ఒకరోజు గనుల మేనేజరు దగ్గరికి వెళ్లి ఆ గుట్ట చుట్టూ తీగె కట్టించమని అడిగింది. ఆయన హైదరాబాదు మనిషి, పెద్దాయన.

"తీగె కట్టి లోపల ఏం జేస్తవమ్మా?" అన్నాడు.

"ఏం చెయ్య సార్. పశువులు సొర్రకుంటె సాలు."

"ఏం చెయ్యకుండుటానికి తీగె అడిగినోళ్లను ఇప్పుడే చూస్తున్న" అని ఆయన పడీపడీ నవ్వి తీగె ఇప్పించాడు. నోటిమాట తప్ప కాగితం ఏదీ లేదు. అప్పట్లో మా ఫ్యాక్టరీలో సగం పనులు నోటిమాట మీదే జరిగేవి.

పక్క ఊరివాళ్లతో ఆమె స్వయంగా మాట్లాడింది. మేకలను తోలకండి, గడ్డి మాత్రం చేత్తో కోసుకుపోండి అంది. వాళ్లు ఒప్పుకున్నారు. మొదటి వానలకు గడ్డి లేచింది. తరువాత తంగేడు, జిల్లేడు, రేగు. ఆ తరువాత పిట్టలు వేసిన విత్తనాలకు వేప, సీతాఫలం. మోదుగు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఒక్క మొక్క కూడా తెచ్చి నాటలేదు. జిల్లేడును పీకేద్దామని ఎవరైనా అంటే మీద పడేది. దాని మీద పెరిగే పురుగు ఇంకే చెట్టు ఆకూ ముట్టదట. ఒక రేకుల కప్పు వేయించి, కింద పేడతో అలికించి, శనివారం శనివారం పిల్లలను అక్కడికి తీసుకుపోయేది. క్రమంగా రాజురా నుంచి, చంద్రపూర్ నుంచి స్కూలు బస్సులు రావడం మొదలైంది. ఎవరో దానికి పర్యావరణ విద్యా కేంద్రం అని పేరు పెట్టారు. ఆమె మాత్రం గుట్ట అనే అనేది.

సిమెంటు ఫ్యాక్టరీ పక్కన చెట్ల బతుకు ఎలా ఉంటుందో దూరాన ఉన్నవారికి తెలియదు. పొగగొట్టాల నుంచి, మిల్లుల నుంచి సన్నటి దుమ్ము రాత్రింబగళ్లు దిగుతూనే ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు అది దుమ్మే. దులిపితే పోతుంది. తడి తగిలిందా, ఆకు మీదే గడ్డకడుతుంది. ఎండలో ఇంకా బిగుస్తుంది. తరువాత గోటితో గీకినా రాదు. అందుకని వానలకు ముందు ఆమె పిల్లలతో ఆకులు దులిపించేది. లేబొరేటరీలో సిమెంటు మెత్తదనం చూడటానికి జల్లెడ పడతాం. ఆ జల్లెడలు దులిపే కుంచెలు అరిగిపోతే పారేస్తాం. వాటిని నేను ఇంటికి తెచ్చేవాణ్ని. తలా ఒక కుంచె పట్టుకుని పిల్లలు కిందికొమ్మల ఆకులను ఒక్కొక్కటిగా దులిపేవారు. దులుపుతూ దులుపుతూ ఆకు వెనక ఏముందో చూసేవారు. "బాయీ, హే బఘా!" అని అరిచేవారు, ఇది చూడండి అని. దులపడం ఒక సాకు. అసలు పాఠం అదే. ఒక పిల్లవాణ్ని ఒక ఆకు ముందు అంతసేపు నిలబెట్టడానికి ఆమెకు దొరికిన ఉపాయం ఆ దుమ్ము.

కాలనీ ఆడవాళ్లకు ఇదంతా వేడుక. పక్క క్వార్టర్ ఆమె మా వరండాలో నిలబడి వినపడేలా అనేది.

"టీచరమ్మా, నీ ఇంట్ల అల్మారా మీద దుమ్ము చూసినవా? దాని మీద పేరు రాయొచ్చు."

"రాయి అక్కా. నీ పేరే రాయి."

"ఇంట్ల దులుపవు గని అడవి దులుపుతవు. సార్‌కు అన్నమన్న పెడుతున్నవా, చెట్లకే పెడుతున్నవా?"

"సార్‌కు చేతులున్నయ్ అక్కా. చెట్లకు లెవ్వు."

ఆ పక్కింటామే వేసవి సెలవుల్లో కుంచె అడిగి తీసుకుని పిల్లల వెనక నిలబడి దులిపింది. నడుము నొప్పి అంటూనే.

తొంభైలు వచ్చాయి. లైసెన్సుల నిబంధనలు పోయాయి, కొత్త ఫ్యాక్టరీలు లేచాయి, మా ఫ్యాక్టరీ చేతులు మారింది. పాత మేనేజరు రిటైరై హైదరాబాదు వెళ్లిపోయాడు. కాలనీకి కేబుల్ టీవీ వచ్చింది, క్యాంటీన్‌లో టీ కప్పులు మారాయి, గేటు దగ్గర కొత్త రంగులతో కొత్త బోర్డు లేచింది. ఎగుమతి అన్న మాట రోజుకు పదిసార్లు వినపడేది. విదేశీ భాగస్వాములు వస్తారని, వాళ్లకు ఫ్యాక్టరీ ఎంత లాభంలో ఉందో దాంతోపాటు ఎంత పచ్చగా ఉందో కూడా చూపించాలని చెప్పుకున్నారు. పర్సనల్ మేనేజరు మా ఇంటికి వచ్చాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, కాఫీ తాగి, గ్లాసు తానే తీసుకెళ్లి వంటింటి గుమ్మం దగ్గర పెట్టాడు.

"మేడం గారూ, మీ తోట గురించి ఢిల్లీ దాకా చెప్పుకుంటున్నారండీ. వాళ్లు వచ్చినప్పుడు మీరూ పిల్లలూ కాస్త తిప్పి చూపించాలి" అన్నాడు.

"రానియ్యుండ్రి సార్. పిల్లలే చూపిస్తరు. నేను నోరు మూసుకుంట."

"మీ తెలుగు భలే ఉంటుందండీ. మా ఆవిడ విని నవ్వుకుంటూ ఉంటుంది."

"మీ తెలుగు ఇని మా పిల్లలు నవ్వుతరు సార్. లెక్క సరిపోయింది" అంది. ఆయన కూడా నవ్వాడు. గుమ్మం దాటుతుంటే ఆమె వెనక నుంచి పిలిచింది. "సార్, ఒక్కటే మాట. పచ్చగ కనపడాలె అని ఎవ్వరన్న నీళ్లు కొడ్తమంటరు. కొట్టనియ్యకుండ్రి. ఎండకాలం. పొడి మీదనే పిల్లలు దులుపుతరు."

"అయ్యో, సిమెంటు మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో మాకు చెప్పాలా అమ్మా? మేం తినే అన్నమే అదాయె" అన్నాడాయన.

వాళ్లు రావడానికి ముందు రోజు మధ్యాహ్నం ఆమె స్కూల్లో ఉంది. నేను షిఫ్టులో ఉన్నాను. ఫ్యాక్టరీ ఫైర్ ఇంజిన్ గుట్ట దగ్గరికి వెళ్లి, కింది నుంచి పైదాకా ప్రతి చెట్టునూ తడిపింది. చెప్పినవారు ఎవరో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. అందరూ సిమెంటు మనుషులే. గొట్టం పట్టుకున్నవాళ్లు, పక్కన నిలబడి బాగుంది బాగుంది అన్నవాళ్లు, ఫోటో తీసినవాళ్లు. ఇళ్లు కడితే ఎన్నిరోజులు తడపాలో నిద్రలో అడిగినా చెప్పగలరు. ఒక గంటసేపు గుట్ట అంతా నిజంగానే పచ్చగా మెరిసిందట. తరువాత ఎండ పనిచేసింది.

నేను షిఫ్టు దిగి వెళ్లేసరికి ఆమె ఒక మోదుగు కింద నిలబడి ఉంది. ఆకులన్నీ బూడిదరంగు పెంకులు కట్టి వేలాడుతున్నాయి. గాలి వస్తే ఆకుల చప్పుడు లేదు, పెంకుల చప్పుడు ఉంది. ఆమె ఒక ఆకును పట్టుకుని మెల్లగా వంచింది. అది పటుక్కున విరిగింది. నా చేతిలో పెట్టింది. "మీ లాబ్‌ల పరీక్ష చెయ్యుండ్రి. మంచిగ గట్టిపడ్డదా లేదా" అంది. అంతే. కేకలు వేయలేదు, ఏడవలేదు. ఇంటికొచ్చి పిండి కలిపి రొట్టెలు చేసింది. రొట్టెలు మాడాయి. ఆమె ఎన్నడూ మాడ్చలేదు.

మర్నాడు అతిథులు వచ్చారు. పిల్లలను ఇస్త్రీ బట్టలతో నిలబెట్టారు. కార్లు ఆగవు, లోపలి నుంచే చూపించి తీసుకుపోతారు అనుకున్నాం. ఆగాయి. ఒక తెల్లాయన దిగి ఒక ఆకు పట్టుకుని చూశాడు. దాన్ని చూపించి ఒక పిల్లను ఏదో అడిగాడు. పర్సనల్ మేనేజరు మధ్యన నిలబడి ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చాడు.

"ఫైర్ ఇంజిన్ వచ్చింది సార్. నీళ్లు కొట్టిండ్రు. దుమ్ము గట్టిపడ్డది" అంది పిల్ల.

మేనేజరు ఇంగ్లీషులో చెప్పాడు. ఈ ప్రాంతపు చెట్లకు సహజంగానే ఆకులు దళసరిగా ఉంటాయని, ఎండను తట్టుకోవడానికని ఈ పిల్ల చెబుతోందన్నాడు. ఎంత తడుముకోకుండా చెప్పాడంటే నేను ఒక క్షణం నమ్మాను.

నోరు మూసుకుంటానని మాట ఇచ్చిన మా ఆవిడ అప్పుడు నోరు తెరిచింది. ఆమెకు ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు లేదు. బీఎస్సీలో చదువుకున్న ఇంగ్లీషే. "నో సర్. సిమెంట్ అండ్ వాటర్. యస్టర్‌డే" అంది. ఆ పెద్దమనిషి ఆమెను చూశాడు, మేనేజరును చూశాడు, చివరికి తన బూట్లను చూసుకున్నాడు. అందరూ కార్లెక్కారు.

ఆ తరువాత జరిగినదే నేను క్షమించలేనిది. ఆకులు పాడవడం కాదు. ఆకులు రాలతాయి, మళ్లీ వస్తాయి. ఆమె ఆ విషయమే చెప్పింది. మేనేజరు మళ్లీ మా ఇంటికొచ్చి, తోట నిర్వహణ ఇకనుంచి కంపెనీ చూసుకుంటుందని, ఎండిపోయిన చెట్లు తీసేసి కొత్తగా డిజైను చేసిన పార్కు వేస్తారని చెప్పాడు. అప్పుడు ఆమె బతిమాలింది. ఆమె ఎవరినైనా బతిమాలడం నేను చూసింది అదొక్కసారే.

"ఎండిపోలేదు సార్. మీదికి గట్లా కనపడుతుంది. మోదుగ సచ్చే చెట్టు గాదు. నాలుగు వానలు పడనియ్యుండ్రి. చిగురు రాకుంటె అప్పుడు మీరే కొట్టేయుండ్రి. నేనే గొడ్డలి పట్టుకొస్త."

"నాకూ బాధగానే ఉందండీ. పైనుంచి ఆర్డరు. నా చేతుల్లో ఏముంటుంది చెప్పండి?"

"నాలుగు వానలు సార్."

"మీరు టీచింగ్ చూసుకోండి మేడం. మెయింటెనెన్స్ మాకొదిలేయండి."

మృగశిర కార్తెకు ముందే బుల్డోజరు వచ్చింది. వానలు రాకముందే నేల చదును చేయాలట. మేకల నుంచి ఆ గుట్టను కాపాడిన పక్క ఊరివాళ్లు వచ్చి రోడ్డు మీద నిలబడి చూశారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్లలో ఒక ముసలాయన మాత్రం మా ఆవిడ దగ్గరికి వచ్చి, "బిడ్డా, ఇప్పుడు మా మేకల్ని తోలుకోవచ్చునా?" అన్నాడు. వెటకారమో, నిజంగా అడిగాడో నాకు తెలియలేదు. ఆమె, "తోలుకోండ్రి తాతా, ఉన్నది తినిపిచ్చుకోండ్రి" అంది.

కొంతకాలానికి నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. అందరికీ ఇస్తున్నారు కాబట్టి నాకూ ఇచ్చారు. రాజురాకు మారాం. ఆమె బస్సులో కాలనీ స్కూలుకు వెళ్లి వచ్చేది. ఆ బస్సు కొత్త పార్కు గేటు ముందు నుంచే పోతుంది. ఆ వైపు సీటు ఖాళీగా ఉన్నా ఆమె కూర్చునేది కాదు. శనివారం పాఠం మాత్రం మానలేదు. సైకిల్ స్టాండు గోడ మీద పాకురు ఉంటే దాని ముందు పిల్లలను కూర్చోబెట్టేది. గోడకు సున్నం వేస్తే నీటి ట్యాంకు కిందికి మార్చింది. "తడి ఉన్నకాడ ఏదో ఒకటి ఉంటది" అనేది. పార్కు ఊసు ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు. ఒకే ఒక్కసారి, అన్నం తింటూ, ఏ ముందు మాటా లేకుండా, "చిగురు పెట్టేది. నాకెరికే" అంది. ఏది అని నేను అడగలేదు.

తరువాత దగ్గు. తరువాత ఆయాసం. చంద్రపూర్ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎక్కడ ఉంటారు అని అడిగాడు. చెప్పాను. ఎన్నేళ్లుగా అన్నాడు. చెప్పాను. ఇంకేమీ అనలేదు. నేనూ అనను. నాకు తెలిసింది సిమెంటు, వైద్యం కాదు.

ఆసుపత్రి కిటికీలోంచి ఒక వేపచెట్టు కనిపించేది. ఆమె దాన్నే చూస్తూ పడుకునేది. ఒకరోజు పిలిచింది. "ఇగో, వింటున్నరా? ఆ యేప మీద ఎర్రచీమలు పై కొమ్మల్నే ఉన్నయ్. కిందికి దిగుతలేవు. ఎందుకంటరు?"

"నువ్వే చెప్పు."

"నాకెరికుంటె మిమ్మల్నెందుకు అడుగుత?" అంది. కొంచెం సేపటికి, "పొద్దున పొయ్యి చూసి రాండ్రి. కింద ఏమున్నదో" అంది. మర్నాడు వెళ్లి చూసి వచ్చాను. చెట్టు మొదట్లో ఎవరో ఫినాయిల్ పారబోసినట్టుంది. చెప్పాను. "గట్లనా" అని తృప్తిగా కళ్లు మూసుకుంది. తరువాత కూడా మాట్లాడాం గాని నాకు గుర్తుపెట్టుకోదగ్గది అదే.

పెద్దకర్మ అయ్యాక పర్సనల్ మేనేజరు రాజురా వచ్చాడు. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమె ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు.

"పార్కులో కొత్త భవనం కట్టామండీ. పర్యావరణ విద్యా కేంద్రం. త్వరలో ప్రారంభం. దానికి మేడం గారి పేరు పెడదామని నేనే పైవాళ్లను ఒప్పించాను. మీరు సరేనంటే చాలు. బోర్డు రాయించేస్తాం" అన్నాడు.

వెంటనే వద్దనలేకపోయాను. ఇది చదివేవాళ్లలో కొందరు, పెట్టనివ్వాల్సింది, పేరైనా మిగిలేది అంటారు. మా పెద్దమ్మాయి కూడా అదే అంది. "నాయినా, అమ్మ పేరు అక్కడ లేకుంటె ఇంకెవరిదో ఉంటది. అప్పుడు ఆ గుట్ట అమ్మదని ఎవరికి తెలుస్తది?" నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ పేరు పెట్టాలా వద్దా అన్నది చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆమె లేదు. చూడకుండా మాట్లాడే హక్కు మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. అందుకని, ముందు చూస్తాను అని మేనేజరుకు కబురు పంపాను.

గేటు దగ్గర నాకు సందర్శకుల పాసు ఇచ్చి చొక్కాకు తగిలించారు. మేనేజరు స్వయంగా తిప్పి చూపించాడు. నేల అంతా పచ్చిక. నీళ్లు చిమ్మే గొట్టాలు. పచ్చిక మధ్య సిమెంటు జింకలు, సిమెంటు నెమలి, నోరు తెరిచిన సిమెంటు పులి. పులి మీద ఒక కోతి కూర్చుని చెవి గోక్కుంటోంది. కూర్చోవడానికి చెట్టు మొద్దుల్లా పోతపోసిన సిమెంటు దిమ్మెలు ఉన్నాయి. బెరడు గీతలు కూడా చెక్కి గోధుమరంగు వేశారు. పనితనం బాగుంది. నేను ఆ రంగంలోనే బతికాను కాబట్టి చెప్పగలను, సిమెంటు మిశ్రమం కూడా మంచిదే. జిల్లేడు ఎక్కడా లేదు.

భవనంలోకి వెళ్లాం. గోడల నిండా రంగు రంగుల పటాలు. పిట్టల బొమ్మల కింద ఇంగ్లీషులోనూ మరాఠీలోనూ పేర్లు. సీతాకోకచిలుక గుడ్డు, పురుగు, గూడు, రెక్కలు, ఒకదాని నుంచి ఒకదానికి బాణం గుర్తులు. అద్దాల పెట్టెలో దూది మీద గుచ్చిన నిజం సీతాకోకచిలుకలు. ఏసీ చల్లగా ఉంది. దుమ్ము రాకుండా కిటికీలకు సీలు వేశారు.

"ఎలా ఉందండీ?" అన్నాడు మేనేజరు.

"శుభ్రంగా ఉంది."

"మరి పేరు..."

"వద్దండీ."

ఆయన ముఖం చిన్నబోయింది. "అదేంటి సార్? పాత విషయాలు మనసులో పెట్టుకున్నారా? ఇది గౌరవమే కదా. ఆవిడ ఆశయమే కదా ఇది."

పాత విషయాలు అన్న మాటకు నాకు కోపం వచ్చింది. ఏవో అనాలనుకున్నాను. అన్నీ అనాల్సినవే. ఆమె ఉంటే ఒక్క మాట చాలనేది. అందుకని ఉన్నదే చెప్పాను.

"ఆమె ఇక్కడికి ఎప్పుడూ రాలేదు సార్. రాని చోట ఆమె పేరెందుకు?"

ఆయన, "అయితే చైర్మన్ గారి తల్లి పేరు పెడతారండీ. వాళ్లు ముందు నుంచీ అదే అంటున్నారు. నేనే ఆపాను" అన్నాడు. బెదిరింపు కాదు, విచారంగా చెప్పాడు. "పెట్టనివ్వండి" అన్నాను. మా పెద్దమ్మాయి చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. అమ్మాయి అన్నట్టే అయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. పాసు విప్పి వాచ్‌మన్ చేతిలో పెట్టాను.

బయట చంద్రపూర్ నుంచి వచ్చిన స్కూలు బస్సు ఆగి ఉంది. పిల్లలు జంటలు జంటలుగా, చేతులు వెనక్కి కట్టుకుని వరసలో లోపలికి పోతున్నారు. పచ్చిక తొక్కవద్దని, దేన్నీ ముట్టుకోవద్దని పార్కు గార్డు ముందే చెప్పి, నోట్లో ఈల పెట్టుకుని పక్కన నడుస్తున్నాడు. నేను రోడ్డుకు ఇవతల రాజురా బస్సు కోసం నిలబడ్డాను. తీగె కంచె అవతల వరస ఒక్కసారిగా ఆగింది. ముందున్న నలుగురైదుగురు పిల్లలు బాట అంచున గొంతుకు కూర్చుండిపోయారు. తలలు దగ్గరికి చేర్చి దేన్నో చూస్తున్నారు. ఏమిటో నాకు కనపడలేదు. వెనకవాళ్లు వాళ్ల మీదికి వంగారు. ఈల మోగింది. ఎవరూ కదలలేదు. మళ్లీ, ఈసారి గట్టిగా, మోగింది. ఒకరొకరుగా లేచారు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడలు వెనక్కి తిప్పి ఆ చోటునే చూస్తూ, సిమెంటు పులి వైపు నడిచారు.